పళ్లెమంత పనిమనిషి

“అదిగో, మళ్లీ గోడకి తల కొట్టుకుంది,” అంది పిన్ని, సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని.

నేల మీద పళ్లెమంత యంత్రమొకటి గుండ్రంగా తిరుగుతూ ఇల్లు ఊడుస్తోంది. అక్క కూతురి కొత్త కాపురం సర్దిపెట్టడానికని పిన్ని ఈ పరాయి దేశం వచ్చింది. చెయ్యి చాపితేనే నీళ్లిచ్చే కుళాయినీ, మనిషి అడుగు పెడితే దానంతటదే వెలిగే నడవా దీపాన్నీ చూసింది. ఒక్కటీ మెచ్చలేదు.

“దొంగొచ్చినా దీపం పెట్టి మరీ దారి చూపిస్తుంది మీ ఇల్లు.”

“నీకు శ్రమ తప్పింది కదా పిన్నీ,” అంది అమ్మాయి. “పనులన్నీ అవే చేసుకుపోతున్నాయి. నిన్నిక్కడ ఊరికే కూర్చోబెట్టి ఏం చెయ్యను? ఆదివారం నీ టికెట్టు తీసేస్తాను.”

పిన్ని సోఫా మీంచి కాళ్లు దించింది. టికెట్టంటే అన్నగారిల్లు. అన్నగారిల్లంటే వరండాలో చాప, వదినగారి మూతివిరుపులు. ఇక్కడ తనకంటూ ఒక గది ఉంది, ఆ గదికి తలుపుంది. ఉంటానని నోరు తెరిచి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. అందుకని యంత్రాల మీద పడింది.

“ఇదా పని చేసేది? మూలల్లోకి వెళ్లడానికి దీనికి నామోషీ,” అంటూ దాన్ని వెల్లకిలా తిప్పింది. “పొట్టలో ఉన్నది సబ్బుబిళ్లంత బ్యాటరీ. పొగరు మాత్రం ఇల్లంత. ఆ బట్టలుతికేది మరీ ఘనం. జేబులైనా తడిమి చూడకుండా మింగేస్తుంది. మొన్న నీ బస్సు పాసు ముద్దయిపోలేదూ?”

“యంత్రాలకి వంకలు పెట్టకండి అత్తయ్యగారూ,” అన్నాడు భోజనాల బల్ల దగ్గర అల్లుడు, కూర మూడోసారి వడ్డించుకుంటూ. “అవి అలగవు, సణగవు. మీరు హాయిగా వెళ్లి విశ్రాంతి తీసుకోండి.”

తినేది తన చేతి వంట, వకాల్తా పుచ్చుకునేది యంత్రాలకి. ఇంత విశ్వాసం లేని మనిషిని పిన్ని ఎక్కడా చూడలేదు.

శనివారం గిన్నెలు కడిగే యంత్రం మొరాయించింది. ఆదివారం పొద్దున్న ఇల్లూడ్చే పళ్లెం ఉన్నచోటు నుంచి కదల్లేదు. అల్లుడు గబగబా వచ్చి, దాన్ని ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“దీని పని అయిపోయింది.”

“కంపెనీకిస్తే బాగు చెయ్యరా?” అంది అమ్మాయి.

“ఈ రకం చెయ్యడమే మానేశారట.”

“అలగవన్నారుగా,” అంది పిన్ని. “అలకంటే ఇదే అల్లుడుగారూ.”

అల్లుడు తల దించుకున్నాడు. తిక్క కుదిరింది అనుకుంది పిన్ని.

అమ్మాయి చీపురు వంకా పిన్ని వంకా చూసి నిట్టూర్చింది. “నువ్వు లేకపోతే ఇక్కడ గడిచేలా లేదు. ఉండిపో పిన్నీ.”

పిన్ని కొంగు బిగించి ఇల్లంతా మూలమూలలా ఊడ్చింది. ఆ ఊపులోనే మాసిన బట్టల బుట్ట ముందేసుకుంది. యంత్రాల్ని నెత్తిన పెట్టుకున్నందుకు అల్లుడికి తగిన శాస్తి జరిగిందని గొణుక్కుంటూ, అలవాటు కొద్దీ ఒక్కొక్క జేబూ తడుముతోంది. అల్లుడు నిన్న విప్పిన ప్యాంటు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

జేబులో సబ్బుబిళ్లంత బ్యాటరీ ఉంది.