పదిహేడో గొంతు

...అయినా మనిషి గొంతు కంప్యూటర్ తెర మీద గొంగళిపురుగులా కనిపించడమేమిటి, అనుకుంటోంది ఆమె.

కొన్నిచోట్ల ఉబ్బి, కొన్నిచోట్ల సన్నబడి, ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకుతున్న నల్లటి పురుగు.

అది ఆమె తమ్ముడు.

పోయిన వానాకాలంలో జ్వరమని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. అంతకుముందు వేసవిలో ఇదే గదిలో కూర్చుని గంటసేపు మాట్లాడాడు.

ఆమెతో కాదు.

మూతబడ్డ అచ్చాఫీసుల్లో వాడిలా పనిచేసినవాళ్ళు, ఆ పని పోవడం గురించి ఎలా చెప్పుకుంటారు? ఇదీ పరిశోధన. విశ్వవిద్యాలయంలో మూడు శాఖలు కలిసి చేస్తున్నాయి. చరిత్ర మాస్టారికి జరిగింది కావాలి. భాషాశాస్త్రం నుంచి వచ్చిన చెవులమ్మకు చెప్పిన తీరు కావాలి. వరండాలో చెప్పుల చప్పుడు విని ఎవరు అలిగారో చెప్పేస్తుందని ఆవిడకా పేరు. మనస్తత్వశాస్త్రం చదివిన ఈ అక్కకు, చెప్పలేకపోయింది కావాలి.

ముగ్గురికీ కలిపి ఒకటే కెటిల్. అది ఏ శాఖదో తేలక ఎవరూ కడగరు.

మాట్లాడినవాళ్ళకు ఇచ్చిన హామీ ఒకటుంది. చెప్పింది కాగితం మీదికి ఎక్కాక, రికార్డు చేసిన గొంతు చెరిపేస్తారు. ఆ మాటలు బంధువులెవరూ వినరు, చదవరు.

ఆ నియమం రాసింది ఆమే.

"అక్కా, నువ్వు వినవుగా?" అని అడిగాడు వాడు, ఈ గుమ్మం దగ్గరే.

"విననురా."

"ఒట్టు?"

"ఒట్టు. లోపలికి పో, మాస్టారు ఎదురుచూస్తున్నారు."

అప్పుడు గానీ గుమ్మం దాటలేదు.

ఇంట్లో వాడు మాట్లాడేది తక్కువ. ఫోన్లో అయితే ఆఁ, సరే, ఉంటా. ఆ గంటంతా ఇప్పుడు మాస్టారి చెవుల్లో ఉంది. ఆయన టీ తాగుతుంటే ఆ చెవులవైపే చూస్తూ ఉండిపోయిన రోజులున్నాయి.

ఆ బెంగకు పుస్తకాల్లో ఒక పేరుంది. పేరు పెడితే తగ్గుతుందని కూడా ఉంది.

తగ్గలేదు.

మిగతా పదహారు గొంతులూ చెరిపేశారు. ఇదే ఆఖరిది.

"కాపీ చేసుకోమ్మా," అన్నారు మాస్టారు. "మేమిద్దరం గోడవైపు తిరిగి కూర్చుంటాం. చరిత్రవాణ్ణి నేను, ఉన్నదాన్ని తగలెయ్యడం నా వల్ల కాదు."

"వాడికి మాటిచ్చాం కదండీ."

"వాడే లేడు కదమ్మా."

"నేనున్నాను కదండీ."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచారు. అది శుభ్రంగానే ఉంది.

చివరి పేజీని ఒకసారి గొంతుతో సరిచూడాలి. ఆ పని చెవులమ్మది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కాగితం మీద పెన్సిలు జరుపుతూ వింటోంది.

అక్క ఆ ముఖాన్నే చూస్తోంది.

కనుబొమలు దగ్గరయ్యాయి. పెన్సిలు ఆగింది. అంతలో, ఆపుకోలేక, చెవులమ్మ ఫక్కున నవ్వింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వించాడా?"

"ఊఁ."

"నన్నేమైనా అన్నాడా, వెధవ?"

చెవులమ్మ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"వద్దులే. చెప్పకు."

మాస్టారు లేచి వెళ్ళి, ఎన్నడూ లేనిది, కెటిల్ కడగడం మొదలుపెట్టారు.

"ఇలా రా," అంది చెవులమ్మ, గొంగళిపురుగును మొదటికంటా వెనక్కి లాగి. "మాట్లాడే ముందు గొంతు సవరించుకున్నాడు. అది మాట కాదే తల్లీ. నా శాస్త్రం మీద ఒట్టు. మాటలు వినకూడదనే కదా నువ్వు రాసింది?"

"నువ్వు మరీను."

"పోట్లాడాలంటే రేపు పోట్లాడు. ముందు పెట్టుకో."

హెడ్‌ఫోన్స్ ఇంకా వెచ్చగా ఉన్నాయి.

కుర్చీ కిర్రుమంది. దూరంగా ఎవరో తలుపు వేశారు.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. బడిలో పద్యం అప్పజెప్పడానికి నిలబడి, చేతులు కట్టుకుని, సవరించుకున్నట్టే.

ఊపిరి పీల్చుకున్నాడు.

మాట మొదలయ్యేలోపు ఆమె ఆపేసింది.

నిజంగానే చెరిపెయ్యాలా అని తెర అడిగింది.

అవును అన్నచోట నొక్కింది.