వెళ్ళిపోయినవాళ్ళ మాటలు

“కాళ్ళు విప్పితే తప్ప ఇది నీ కారులో పట్టదమ్మా,” అంది సుమతి, బల్ల చుట్టూ ఒకసారి తిరిగి.

“పడుతుందండీ. వెనక సీట్లు మడిచేశాను,” అంది శ్రీవల్లి.

నోవైలో మంచు పడి అప్పుడే ఆగింది. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో “రాతబల్ల, ఉచితం, వచ్చి తీసుకెళ్ళండి” అని సుమతి పెట్టిన ఫోటో చూసి, శ్రీవల్లి టొలీడో నుంచి గంటసేపు డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. పెళ్ళై ఎనిమిది నెలలైనా చదువు కోసం దూరాన హెర్న్‌డన్‌లోనే ఉండిపోయింది. భర్త భాను దగ్గరికి కాపురానికి వచ్చి ఇంకా నెల కాలేదు. సామానుతో సహా అద్దెకు తీసుకున్న అపార్ట్‌మెంట్ వాళ్ళది. ఇద్దరూ కలిసి ఇంట్లోకి తెచ్చుకుంటున్న మొదటి వస్తువు ఈ బల్లే.

“మీ ఆయన రాలేదేం? బరువులు మొయ్యడం కూడా వర్క్ ఫ్రమ్ హోమేనా?”

శ్రీవల్లి నవ్వింది. “నోవై అంటేనే బద్ధకమండీ మా ఆయనకి. ఆదివారం కూడా కాల్ ఉందట.”

సుమతి కూతురు దియ బల్ల రెండో కొస పట్టుకుంది. పదేళ్ళుంటాయి.

“రెడీయా ఆంటీ? ఒకటి, రెండు, తొమ్మిది!”

శ్రీవల్లి మూడు కోసం చూస్తూ ఉండిపోయింది. దియ వైపు లేచిన బల్ల దబ్బున కిందపడింది.

“ఆంటీ, త్రీ లేదు! తొమ్మిదికి లిఫ్ట్ చెయ్యాలి.”

“అదేం లెక్క?”

“వాళ్ళ నాన్న లెక్క,” అంది సుమతి. “మూడు అచ్చిరాదట. లోకంలో ఇంకెవరికీ లేదులే ఆ లెక్క. పెట్టె సర్దినా అదే, సోఫా జరిపినా అదే. ప్రాజెక్ట్ ఉందని సూట్‌కేస్ పట్టుకుని వెళ్ళాడు. ఆరేళ్ళయింది. లాయర్ కాగితాలు వచ్చాయి గానీ ఒక్క ఫోన్ రాలేదు. ఆయన పేరు ఈ ఇంట్లో ఎత్తం. దీనికి మొహం కూడా సరిగ్గా గుర్తు లేదు. లెక్క మాత్రం పోలేదు చూడు. బయటికి వెళ్తుంటే ‘గీజర్ ఆపావా?’ అని అడుగుతుంది. ఈ దేశంలో గీజరేదమ్మా!”

“గీజర్ అంటే ఏంటో నాకు తెలీదు,” అని ఒప్పుకుంది దియ.

శ్రీవల్లి బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది. “నేను చదివేది ఇదే అక్కా. ఇంగ్లండ్ పక్కన వేల్స్ అని ఉంది. రోమన్లు అక్కడ కొన్ని వందల ఏళ్ళు ఉండి వెళ్ళిపోయారు. మాటలు మాత్రం ఇళ్ళలో ఉండిపోయాయి. వంతెనని ఇప్పటికీ పొంట్ అంటారు, కిటికీని ఫెనెస్టర్ అంటారు. రోమన్లు వెళ్ళి వందేళ్ళు దాటాక చెక్కిన ఒక సమాధి రాయి మీద, ఫలానా కాన్సుల్ కాలంలో అని, అంటే రోమ్‌లోని పెద్ద అధికారి పేరుతో ఏడాది లెక్క చెక్కి ఉంది. అలాంటి ఊరొకటి ఉందని ఆ కాన్సుల్‌కి తెలిసి కూడా ఉండదు.”

“వదిలేసి పోయినవాళ్ళ పేరు మీదే కేలండరా?” సుమతి పెదవి విరిచింది. “నాలాంటి పిచ్చివాళ్ళు అప్పుడూ ఉన్నారన్నమాట.”

“బట్ ఆంటీ, ఒక్క వర్డ్ చూసి వాళ్ళే వచ్చారని ఎలా చెప్తారు?” అంది దియ.

“ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో దొరికిందనుకో. అది నడిచి రాదు కదా. ఎవరో తెచ్చి ఉంటారు.”

“మరి ఆ రాళ్ళు చూడ్డానికి వెళ్ళవా?” అంది సుమతి.

శ్రీవల్లి బల్ల మీది దుమ్ము చేత్తో తుడిచింది. “ఏడాది ఫెలోషిప్ వచ్చిందక్కా, అక్కడే. రేపటిలోగా చెప్పాలి. రానని మెయిల్ రాసి పెట్టాను, ఇంకా పంపలేదు.”

“మీ ఆయన వద్దన్నాడా?”

“వద్దనలేదు. ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళంటే భయం అన్నాడు. తనకి ఇదే మొదటి ఇల్లట. ఇక్కడే కూర్చుని రాసుకో, మంచి బల్ల తెచ్చుకుందాం అన్నాడు. ఐదేళ్ళుగా ఆ రాళ్ళ ఫోటోలు చూస్తూనే ఉన్నాను. కానీ నా కోసం అంతగా భయపడినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు.”

సుమతి వాకిట్లో మంచు గడ్డకట్టిన చోట, కాలు జారకుండా ఉప్పు చల్లింది.

“అలా భయపడే మనిషి దొరకడం అదృష్టం,” అంది. “నిలుపుకో. రాళ్ళెక్కడికీ పోవు.”

ఈసారి శ్రీవల్లి తొమ్మిదికే ఎత్తింది. బల్ల కారులోకి చక్కగా జారింది. దియ చప్పట్లు కొట్టింది.

దారి పొడుగునా శ్రీవల్లికి సుమతే గుర్తొచ్చింది. అంత నవ్వే మనిషినీ, ఆ పిల్లనీ వదిలి ఒక మగవాడు ఎలా వెళ్ళగలిగాడో ఆమెకు అర్థం కాలేదు. భానుకి ఎప్పుడూ చెప్పనంత ప్రేమగా ఈ పూట ఒక మాట చెప్పాలనుకుంది.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. భాను చెప్పులతోనే మంచులోకి వచ్చాడు.

“అబ్బో, రాణిగారి సింహాసనం! ఎవరిచ్చారు?”

“ఒక అక్క. పాపం, ఆవిడ భర్త...”

“వాళ్ళ గోల మనకెందుకులే. చేతులు గడ్డకడతాయి, ముందు దింపుదాం పట్టు.”

“ఇది లోపల పెట్టగానే, దీని ముందే కూర్చుని ఆ మెయిల్ పంపేస్తాను,” అంది శ్రీవల్లి.

“మా బంగారం,” అని అతను వంగి, బల్ల కొస రెండు చేతులా పట్టుకున్నాడు. “రెడీయా?”

ఆమె తల ఊపింది.

“ఒకటి, రెండు, తొమ్మిది,” అన్నాడు భాను.