తల్లిపంది రక్తం

“చెవి గట్టిగ పట్టు సంపత్! సూది విరుగుతది!”

పశువుల డాక్టర్ వంశీధర్‌రావు అరుపుకు మంచిర్యాల శివారులోని ఆ వాడంతా బయటికొచ్చింది. పంది అంతకన్నా గట్టిగా అరిచింది.

పందులు బాలలక్ష్మివి. దోమకాటుతో పందులకూ గుర్రాలకూ మనుషులకూ అంటుకుని మెదడుకెక్కే జ్వరం ఎక్కడిదాకా పాకిందో చూడటానికి సర్కారు నెలనెలా పశువుల రక్తం తీయిస్తోంది. హుజూరాబాద్‌లో పెళ్లి గుర్రాన్ని కూడా వదల్లేదట.

“గీ రక్తం ఏడికి పోతది సారూ?” అంది బాలలక్ష్మి.

“హైదరాబాద్. ఎల్లుండికల్లా ఖబర్ వస్తది.”

“పంది రక్తం కార్ల పోతది! నా బిడ్డ నవ్యశ్రీ ఒళ్లు కాలిపోతుంటె దవాఖానల గోలీలిచ్చి పొమ్మన్నరు. గా పరీక్షేదో చెయ్యుండ్రంటె ఈడ కాదన్నరు. జర మీరన్న తియ్యుండ్రి.”

“మాది పశువుల శాఖ బాలలక్ష్మీ. మనుషులు మా కిందికి రారు.”

“మరి మేం ఎవల కిందికొస్తం?”

ఆ సంగతి వంశీధర్‌రావుకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

ఇక తల్లిపంది మిగిలింది. పిల్లలకు పాలిస్తూ గుర్రుమంది. సహాయకుడు సంపత్ గోడెక్కేశాడు.

“దాని జోలికి మీరు రాకుండ్రి. సూది, సీసా గిటియ్యుండ్రి. మా మల్లేషన్న కంపౌండరే గద, అది చల్లబడ్డంక తీపిచ్చి తెస్త,” అంది బాలలక్ష్మి.

డాక్టర్‌కు ఆకలవుతోంది. ఇచ్చేశాడు. సాయంత్రానికి ఆమె సీసా నింపి తెచ్చింది.

చెప్పిన రోజుకే వాడలోకి జీపులు దిగాయి. ఒకదాంట్లో పొగ మిషన్, ఇంకోదాంట్లో సర్కారు దవాఖాన పెద్ద డాక్టరమ్మ మమతారాణి. కుర్చీ దిగి ఆమె ఈ వాడకు రావడం ఇదే మొదలు.

“తల్లిపందికి ఆ జ్వరం అంటుకుంది. ఏదది?” వంశీధర్‌రావు పరేషాన్‌గా అడిగాడు.

బాలలక్ష్మి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “పందికి అంటితె గింతమంది ఉరికచ్చిన్రు! బిడ్డను ఎత్తుకొని నేనొస్తె ఒక్కలు తలెత్తి చూడలే.”

“కోపం తర్వాత, ముందు చూపించమ్మా,” అంది డాక్టరమ్మ. “ఆలస్యమైతే ప్రాణాలు పోతయి. ఏం చెయ్యాలన్నా చేస్తం.”

“గా మాట మీద ఉండుండ్రి. లోపల మంచంల పండుకున్నది.”

“పందిని మంచమెక్కించినవా? నీకు మతుందా?” వంశీధర్‌రావు మండిపడ్డాడు.

బాలలక్ష్మి తలుపు తీసింది.

“నేను తెచ్చిచ్చింది నా బిడ్డ రక్తం సారూ.”