ముందు అనుకున్నది

రేపల్లె ప్యాసింజర్లో సీటు దొరికినా ఎజ్రా మాస్టారు కూర్చోలేదు. భట్టిప్రోలు దాటేదాకా తలుపు దగ్గర నిలబడ్డాడు. వేమూరు దాటేదాకా కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు. చేతిసంచిలో నవల ఉంది. నిన్న ఇంట్లో బల్ల మీద కనబడితే ఊసుపోక తిరగేశాడు. అప్పట్నుంచి ముద్ద దిగలేదు.

నవల డెబ్భై ఏడు ఉప్పెన మీద. అందులో ఒక పంతులు తాడిచెట్టును కరుచుకుని, రెండో చేత్తో పట్టుకున్న భార్య చెయ్యి వదిలేస్తాడు. అక్కడ ఇలా ఉంది: ‘ముందు తను బతకాలనుకున్నాడు. అమ్మమ్మ ఇంట్లో ఉన్న పాప సంగతి చెయ్యి వదిలాకే గుర్తొచ్చింది.’

అది ఎజ్రా కథే. భార్య రూతు చెయ్యి జారిపోయిందని ఆయన అందరికీ చెప్పాడు. అందరూ నమ్మారు, ఓదార్చారు. వదిలేశానని దేవుడికి మాత్రం చెప్పుకున్నాడు. అదీ వరస మార్చి, పాప కోసమే వదిలాను ప్రభువా, అని. అసలు వరస తన ప్రాణానికి తప్ప ఎవరికీ తెలియదు. మరి అచ్చులోకి ఎలా ఎక్కింది? తెలిసిపోతే ఇక ఎవరి మొహం చూడగలడు?

తెనాలిలో నవల రాసిన ఝాన్సీలక్ష్మి ఇల్లు తేలిగ్గానే దొరికింది. బాపట్లలో కాలేజీ పిల్లలకు తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మంచినీళ్లిచ్చి కూర్చోమంది. ఎజ్రా నిలబడే పేజీ తీసి, వేలు పెట్టి చూపించాడు.

"ఈ మాట మీకెవరు చెప్పారమ్మా?"

ఆవిడ నవ్వి పాఠం ఎత్తుకుంది. ఉప్పెన చరిత్ర కాబట్టి తేదీలూ నీటిమట్టాలూ పాత పేపర్లలో దొరుకుతాయి. మనిషి మనసు ఏ పేపర్లోనూ దొరకదు. ఎదుటివాడి మనసు మనకు తెలిసే దారే లేదని తనే క్లాసులో ఏళ్ల తరబడి చెప్పింది. అందుకే కథ రాసేవాళ్లు తమ మనసునే పాత్ర ఒంట్లో పెట్టి చూస్తారట.

ఎజ్రాకి ప్రాణం లేచొచ్చింది. అంటే ఇదంతా ఊహ. ఎవరికీ ఏమీ తెలియదు. కుర్చీలో కూలబడి నీళ్లు గటగటా తాగాడు.

"నవలంతా అలా రాసిందే మాస్టారూ," అంది ఝాన్సీలక్ష్మి. "ఈ రెండు వాక్యాలు మాత్రం నావి కావండి."

తను ఉప్పెన మీద రాస్తోందని పేపర్లో చూసి, ఆ మధ్య ఒక పెద్దావిడ వెతుక్కుంటూ వచ్చిందట. పేరు చెప్పలేదట. జరిగింది చెప్పి, ఉన్నదున్నట్టు రాయమందట.

"అతను ఏమనుకున్నాడో మీకెలా తెలుసండీ అనడిగాను. మెరుపు వెలుగులో అతని మొహం చూశానమ్మా, అన్నారు."

ఎజ్రా కుర్చీలోంచి లేచాడు. ఎవరా పెద్దావిడ? ఆ నీళ్లలో, ఆ చెట్టు దగ్గర తామిద్దరే ఉన్నారు. మూడో మనిషి లేదు.

అంతలో జేబులో సెల్లు మోగింది, భోజనానికి వస్తున్నారా లేదా అని రేపల్లె నుంచి, ఉప్పెన తీశాక ప్రాణాలతో దొరికి, ఆ రాత్రి మాట ఇన్నేళ్లూ ఎత్తని రూతు అడుగుతోంది.