కోట తోటలో నిమ్మకాయ

మునిరామయ్య అయ్యవారు దొంగగా మారాలని నిశ్చయించుకున్నది ఒక సోమవారం పొద్దున, సైకిలు మీద. ఆ సైకిలుకు బెల్లు తప్ప అన్నీ మోగుతాయి. దొంగతనానికి పనికొచ్చే బండి కాదది. ఆ మాటకొస్తే ఆయనా అందుకు పనికొచ్చే మనిషి కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది ఎండాకాలం. ఒంటిపూట బడులు. ఆయన ఇల్లు చంద్రగిరిలో, బడి నాలుగు మైళ్ళ అవతల పల్లెలో. రోజూ కోట వెలుపలి గోడ వెంబడే దారి. గోడ కింద, పాత అగడ్త పూడిపోయిన చోట కొత్తగా పార్కు వేస్తున్నారు. అంతా రాతినేల. తోటమాలి కుప్పయ్య ఒక్కడే దానికి దిక్కు.

ఆ పొద్దున గోడ పక్కన నేల మీద పసుపు, కుంకుమ, నడుమ ఒక నిమ్మకాయ కనిపించాయి. అలా పూజ చేసిన చోట గుప్తనిధి కోసం గుంత పడుతుందని ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలకు కూడా తెలుసు. "రాజులు నిధి వదిలిపెట్టి పోతారా? తవ్వేవాళ్ళంతా దద్దమ్మలు" అని ఇరవై ఏళ్ళుగా సోషల్ పాఠంలో బల్ల గుద్ది చెబుతున్న మునిరామయ్య బ్రేకు వేశాడు.

"ఏంది కుప్పయ్యా, ఈడ నిమ్మకాయ?"

కుప్పయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీ కంట్లో పడిందా అయ్యోరా? ఎవురికీ సెప్పబాకండి. పన్నెండుకు నేను కూటికి పోతా. మూడు దాకా ఈడ నరమనిషి ఉండడు. అంతవరకు దాన్నెవురూ ముట్టకుంటే సాలు. పొద్దుగూకినాక నా పని నేను సూసుకుంటా."

"నాకెందుకప్పా" అంటూ మునిరామయ్య తొక్కుకుంటూ పోయాడు.

కానీ బడి చేరేలోపే ఆయన కళ్ళ ముందు రాగిబిందె ఒకటి తేలింది. అది దొరికితే సొంత ఇల్లు. ఈ డొక్కు సైకిలు ఎవరికైనా దానమిచ్చేయొచ్చు. పట్టుబడితే మాత్రం ఉద్యోగం ఊడుతుంది, జైలు కూడు తప్పదు. ఇంకా తొమ్మిదేళ్ళ సర్వీసుంది. అయినా బుద్ధి బిందె దగ్గర్నుంచి కదల్లేదు.

బడి విడిచాక, అక్కడి తోటపని పొట్టి గడపారను ఇండియా మ్యాపులో చుట్టి సైకిలుకు కట్టాడు. అస్సాం వైపు మొన బయటికి పొడుచుకొచ్చింది. దానికి చెయ్యి అడ్డం పెట్టుకుని కోట దాకా తొక్కాడు. మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండలో మోకాటిలోతు తవ్వాడు. మట్టిని అన్నం క్యారియర్ గిన్నెతో తోడిపోశాడు. రాళ్ళు తప్ప ఏమీ లేవు. అరచేతులు బొబ్బలెక్కాయి.

"క్యారియర్లో మన్ను యాడిది?" అని అడిగింది భార్య శకుంతలమ్మ.

"బడికాడ సుడిగాలి."

"మూతేసిన గిన్నిలోకా?"

సోషల్ అయ్యవారు గిన్నె లాక్కుని తానే తోముతానంటూ పెరట్లోకి నడిచాడు.

మంగళవారం పొద్దున మళ్ళీ కోట దారి పట్టాడు. గుంత అలాగే ఉంది. దానికి రెండు బారల దూరంలో కొత్త నిమ్మకాయ ఉంది. కుప్పయ్య బీడీ కాలుస్తూ దండం పెట్టాడే గానీ గుంత ఊసే ఎత్తలేదు. 'దొంగకు తేలు కుట్టినట్టయింది, పాపం ఎవరితో చెప్పుకుంటాడు!' అని మునిరామయ్య లోలోపల తెగ నవ్వుకున్నాడు. మధ్యాహ్నం రెండో గుంత తవ్వాడు.

శుక్రవారానికి ఐదు గుంతలయ్యాయి. అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. కుప్పయ్యకు చోటు సరిగ్గా తెలియదనీ, నిధి మాత్రం గోడ వెంబడే ఉందనీ మునిరామయ్య ఒక సిద్ధాంతం చేశాడు. సిద్ధాంతం లేకుండా తవ్వడానికి ఆయనేమైనా చదువురాని దద్దమ్మా?

శనివారం ఆయనకు జ్ఞానోదయమైంది. తప్పు చోటులో లేదు, లోతులో ఉంది. ఆరో గుంత నడుము లోతు దిగాడు. ఎప్పుడు మూడు దాటిందో చూసుకోలేదు. మీద నీడ పడితే తలెత్తాడు. కుప్పయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

మునిరామయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి. గుంతలో ఉన్నందున కుప్పయ్య కాళ్ళు చేతికందే ఎత్తులోనే ఉన్నాయి. గబుక్కున పట్టేసుకున్నాడు.

"పోలీసులకు సెప్పబాక కుప్పయ్యా! ఉద్యోగం పోతాది. పిల్లోళ్ళకు ఒకటి సెప్పి నేనొకటి సేసినా. నాయంత గాడిద ఈ జిల్లాలో లేడు. ఏం దొరికినా సగం నీదే!"

"అయ్యో, కాళ్ళిడవండి అయ్యోరా. మీరు పెద్దోళ్ళు. పోలీసులెందుకు మద్దెలో?"

కుప్పయ్య ఆయన్ను చెయ్యి పట్టి పైకి లాగాడు. ముంతతో నీళ్ళిచ్చాడు. చొక్కాకంటిన మన్ను దులిపాడు. తర్వాత చేతిలోని పుల్లను గుంతలోకి దించి లోతు కొలిచి, అయ్యవారి బొబ్బల చేతుల వంక జాలిగా చూశాడు. రొండిలోంచి ఇంకో నిమ్మకాయ తీసి, అదే వరసలో రెండు బారల అవతల పెట్టి వచ్చాడు.

"ఇంత లోతెందుకు అయ్యోరా, సోమవారం ఆడ మోకాటిలోతు తీస్తే సాలు. వానలు పడినాక నేను నాటేది వేపమొక్కలే గదా!"