నాలుగు రోజుల నిప్పు

మూడోసారి కూడా నిప్పు నిలవలేదు.

ఇసిడోర్ విల్లు పక్కన పడేసి అరచేతులు చూసుకున్నాడు. రెండు బొబ్బలు చితికిపోయాయి. దేవదారు పలక మీద పుల్లను నిలబెట్టి, విల్లుతాడు చుట్టి కవ్వంలా తిప్పుతుంటే పొగైతే వస్తోంది. పలక గాటులో రాలిన నల్లపొడి ఓ క్షణం ఎర్రబడుతోంది. అంతే, ఆరిపోతోంది. డెబ్బై మూడేళ్ళ ఒంటికి ఇది కోరి తెచ్చుకున్న కష్టం.

వంటింట్లో లైటర్ ఉంది. కానీ మనిషి పోయిన ఇంటి వాకిట్లో వెలిగే నిప్పు కర్రా కర్రా రాసుకునే పుట్టాలి. నాలుగు పగళ్ళూ నాలుగు రాత్రులూ ఆరకుండా ఉండాలి. అగ్గిపుల్లతో ముట్టించిన మంట దగ్గర ఆ వైపు పెద్దవాళ్ళు కూర్చోరు.

పదకొండేళ్ళ కిందట భార్య పోయినప్పుడూ ఈ విల్లుతోనే వెలిగించాడు. ఆ నాలుగు రోజులూ వాకిట్లో చోటు చాల్లేదు. ఐదో రోజు పొద్దున్నే పడవలన్నీ అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయాయి.

ఇవాళే అంటుకోవాలి. రేపో మాపో సరస్సు గడ్డకడుతుంది. అప్పుడిక పడవ సాగదు. ఆ మంచుగడ్డ మనిషి బరువు మోసేదాకా ఎవరూ నడిచీ దాటరు. ఈ ఒడ్డున అడవిలో ఉన్నది అతని ఇల్లొక్కటే. ఫోను మూగబోయి చాలా రోజులైంది. కబురు చెప్పాలంటే పొగే చెప్పాలి.

లోపమంతా ష్కిటాగన్‌లో ఉంది. భూర్జ చెట్టు మానుకు పొడుచుకొచ్చే పుట్టగొడుగు అది. పైకి బొగ్గులా ఉంటుంది, లోపల బెల్లం రంగు. బాగా ఎండితే చిన్న రవ్వ తగిలినా చాలు, పట్టుకుని వదలదు. పొద్దున ఇంటి వెనక చెట్టుకు ఆచారం ప్రకారం పొగాకు సమర్పించి మరీ కోసుకొచ్చాడు గానీ, వానకు నాని తేమగా ఉంది.

లేచి లోపలికి వెళ్ళాడు. అటక మీద టీ డబ్బా ఉంది. అందులో భార్య ఎప్పుడో కోసి, పొయ్యి మీద వేలాడదీసి ఎండబెట్టిన ముక్కలున్నాయి. ఆవిడ పోయాక ఆ డబ్బా మూత తీయలేదు.

"తప్పయితే నాది. నీకేం సంబంధం లేదు," అని ఆ ముక్కతో చెప్పి, దాన్ని గాటు కింద పెట్టాడు.

ఈసారి విల్లు ఆపకుండా లాగాడు. భుజం మండింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొడి రాలి, ఎర్రబడి, ముక్కను పట్టుకుంది. ఆ ఎరుపు లోపలికి మెల్లగా పాకింది. దాన్ని దేవదారు బెరడు పీచులో పొదివి, రెండు చేతులా ఎత్తి ఊదాడు. మంట లేచింది. పచ్చి కొమ్మలు వేసి పొగ పైకి పంపాడు.

సాయంత్రానికి మొదటి పడవ వచ్చింది.

మేనత్త కూతురు ఫిలొమీన్ దిగుతూనే అతని అరచేతులు పట్టుకుని చూసింది. "ఈ వయసులో పుల్లే తిప్పావా బావా? నేనైతే లైటర్‌తో ముట్టించి, పుల్లతోనే వచ్చిందని బొంకేదాన్ని."

"నువ్వు బొంకితే మొహంలో తెలిసిపోతుంది."

"నీ మొహంలో మాత్రం తెలియదేం?"

ఇసిడోర్ నవ్వబోయి మానేశాడు.

ఆవిడ పక్కనే కూర్చుని గొంతు తగ్గించింది. "చాన్నాళ్ళుగా బాగోలేదా?"

"చాన్నాళ్ళయింది."

"ఒక్కరికీ చెప్పలేదేం మరి?"

"చెప్పడానికి ఎవరున్నారు?"

పట్నంలో ఒంటరిగా ఉంటున్న అతని చెల్లెలు గుర్తొచ్చి ఫిలొమీన్ కళ్ళు తుడుచుకుంది. పేరు మాత్రం అడగలేదు. నాలుగు రోజులు గడిచేదాకా పోయినవాళ్ళ పేరు ఎత్తకూడదు. ఎత్తితే వాళ్ళు వెనక్కి తిరిగి చూసి దారి తప్పుతారు.

మర్నాటికి వాకిలి నిండింది. దుప్పి మాంసం పులుసు, అడవి బియ్యం, బానక్ రొట్టె, ఎండుచేప, ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చారు. ఫిలొమీన్ అన్నకొడుకు గోర్డన్ కట్టెలు కొట్టాడు, అడగకుండానే కారుతున్న ఇంటికప్పు బాగుచేశాడు.

"నువ్వెళ్ళి పడుకో మామయ్యా. నిప్పు నేను చూసుకుంటాగా."

"నిద్ర రావట్లేదురా. మీ మాటలు వింటూ కూర్చుంటా."

గోర్డన్ వల చింపుకుని పారిపోయిన చేప కథ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ చేప పెరుగుతోందని ఫిలొమీన్ వేళాకోళం చేసింది. అందరూ నవ్వారు. ఇసిడోర్ కూడా కడుపుబ్బ నవ్వాడు. ఎన్నాళ్ళకు నవ్వాడో అతనికే గుర్తులేదు.

పూటపూటా పోయినవాళ్ళ కోసం ఓ పళ్ళెం వడ్డించి అతని చేతికిచ్చేవాళ్ళు. దాన్ని మంటలో వేసేముందు అతని చేయి ఆగిపోయేది. భార్యను తలుచుకుని వేసేవాడు.

ఐదోరోజు పొద్దుటికి సరస్సు అంచుల్లో పలుచగా గడ్డ కట్టింది. పడవల్లో సామాను సర్దారు. నిప్పు కుప్పకూలి బొగ్గులైంది. అందరూ టోపీలు తీసి చుట్టూ నిలబడ్డారు.

ఫిలొమీన్ అతని భుజం మీద చేయి వేసింది. "ఇక పేరు చెప్పచ్చు బావా. చెప్పు. అందరం ఒక్కసారి పిలిచి సాగనంపుదాం."

ఇసిడోర్ ఒక్కొక్కరి మొహమూ చూశాడు. తొందరపడకుండా, మళ్ళీ ఎప్పుడు చూస్తానో అన్నట్టు చూశాడు.

"ఎవరూ పోలేదు ఫిలొమీన్," అన్నాడు, "ఊరికే రమ్మంటే మీరెవరూ రారు కదా."