సముద్రం ఎక్కడికీ పారిపోదు

"పాప టాన్సిల్స్ తీయించేదెప్పుడు?" అని అడిగితే మా ఆయన మళ్లీ క్యాలెండర్ ముందేసుకుని కూర్చున్నాడు.

"ఈ నెల పరీక్షలున్నాయిగా."

"పోనీ, వచ్చే నెల?"

"స్కూల్లో ఆటల పోటీలు. చెంచాలో నిమ్మకాయ పందెం ఈసారి మన పాపదే."

"సెలవుల్లో?"

"సముద్రం చూపిస్తామని మాటిచ్చాం కదే!"

నాకు ఒళ్లు మండింది. "మన పెళ్లికే ఇన్ని ముహూర్తాలు చూడలేదు. దానికి నెలనెలా జ్వరం, మెతుకు గొంతు దిగట్లేదు. మీకేమో నిమ్మకాయ ముఖ్యమా?"

పాప బొంగురు గొంతుతో మధ్యలో దూరింది. "సెలవులివ్వగానే చేయించు నాన్నా. సముద్రం ఎక్కడికీ పారిపోదు."

"మత్తిస్తారమ్మా... ఒకవేళ నెత్తురు ఆగకపోతే..." అంటూ ఆయన నీళ్లు నమిలాడు.

ఇంతా చేసి, పొద్దుట్నుంచి ముగ్గురు పిల్లలకి టాన్సిల్స్ తీసి ఇంటికొచ్చిన డాక్టరుగారు ఈయనే.

పాప ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన రోజూ ఫోన్లో పిల్లల తల్లిదండ్రులకి చెప్పే మాటల్ని అదే ధోరణిలో అప్పజెప్పింది.

"చూడండి, ఇది చాలా చిన్న ఆపరేషన్. కంగారుపడకుండా మీరు బయట కూర్చోండి. లోపల నేను చూసుకుంటాను."